ఆగడానికి ఒక కారణం, అందుకోకపోవడానికి ఇంకో కారణం: నీళ్ళ మధ్య మొరాయించే ఔట్‌బోర్డు మోటారు

చెన్నైకి ఉత్తరాన ఎన్నూరు దగ్గర కొసస్థలి నది సముద్రంలో కలిసే మొగలో పాటు మొదలైతే, అంటే సముద్రం వెనక్కి తీయడం మొదలుపెడితే, నీళ్ళు పడవని వెంటబెట్టుకుని పోతాయి. రెండేళ్ళ కిందట, ఒక నవంబరు తెల్లవారుజామున, సరిగ్గా అక్కడే మా మావయ్య ఫైబరు బోటు మోటారు ఆగిపోయింది. పడవ వెనక బయట తగిలించే, రెండు సిలిండర్ల చిన్న టూ స్ట్రోక్ ఔట్‌బోర్డు. ఉన్నట్టుండి ఆగలేదు. ముందు గొంతు తగ్గింది, తర్వాత రెండుసార్లు ఎగశ్వాస తీసింది, ఆ తర్వాత చడీచప్పుడూ లేదు. మావయ్య వెంటనే ఇంజనుని స్టార్టు చేసే తాడు పట్టుకున్నాడు. పది, ఇరవై, ముప్పై సార్లు లాగాడు. అరచేతులు కందిపోయాయి గానీ ఇంజను అందుకోలేదు. ఈలోగా ఒడ్డున ఉన్న థర్మల్ ప్లాంటు పొగగొట్టాలు దూరమవుతూ వచ్చాయి.

"తాడు వదిలెయ్ మావయ్యా, ముందు లంగరు వేద్దాం" అన్నాను. లంగరు పట్టు దొరికి పడవ నిలబడ్డాకే ముగ్గురం ఊపిరి పీల్చుకున్నాం. అప్పుడు పెట్రోలు ట్యాంకు మూత తిప్పితే 'స్స్' అని గాలి లోపలికి పోయింది. మూత మీదుండే గాలి స్క్రూ బిగించి ఉంది. ముందురోజు ట్యాంకుని ఆటోలో తెస్తూ ఒలక్కుండా బిగించాం, తిరిగి వదులు చేయలేదు. ట్యాంకులోంచి పెట్రోలు పోతున్నకొద్దీ ఆ చోటుకి గాలి రాక లోపల శూన్యం ఏర్పడింది, పంపు లాగలేకపోయింది, మోటారు ఆకలితో ఆగింది.

కారణం దొరికింది కదా అని మావయ్య స్క్రూ వదులు చేసి, పెట్రోలు పైపు మధ్యలోని రబ్బరు బల్బుని గట్టిపడేదాకా నొక్కి, పొద్దున చల్లటి ఇంజనుకి చేసినట్టే గాలి తగ్గించి పెట్రోలు పాలు పెంచే చోక్ మొత్తం బయటికి లాగి, ఇంకో ఇరవై సార్లు తాడు లాగాడు. ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఆయన నిజంగా భయపడింది అప్పుడే. ప్లగ్గు విప్పి చూస్తే పెట్రోలు బొట్లు బొట్లుగా కారుతోంది. ఇంజను వేడిగానే ఉంది, దానికి చోక్ అక్కర్లేదు. మేమే దాన్ని పెట్రోలులో ముంచేశాం.

ఆ రోజు నేర్చుకున్నదే ఈ వ్యాసానికి మూలం. మోటారు ఎందుకు ఆగింది అన్నది ఒక ప్రశ్న. మళ్ళీ ఎందుకు అందుకోవడం లేదు అన్నది మరో ప్రశ్న. చాలామంది రెండింటినీ ఒకే ప్రశ్న అనుకుని చిక్కుపడతారు. మొదటి కారణం సరిచేసినా మోటారు కదలకపోయేసరికి 'ఇది కాదేమో' అని ఇంకోటి విప్పుతారు, దాంతో మూడో తప్పు వచ్చి చేరుతుంది. మా తాతల కాలంలో నెల్లూరు వైపు నుంచి వచ్చి కాశిమేడులో స్థిరపడ్డ కుటుంబం మాది. హార్బరు దగ్గర రిపేరు షెడ్లలో కూర్చుని నేను చూసిన మోటార్లలో ఇలా రెండు మూడు తప్పులు కలగలిసి వచ్చినవే ఎక్కువ.

ఆగే ముందు ఎలా మూలిగింది?

షెడ్డులో పెద్దమేస్త్రి స్పానరు పట్టుకునే ముందు ఒకే మాట అడుగుతాడు: "ఆగేముందు ఎట్లా ఉండింది?" జవాబు సరిగ్గా చెప్పగలిగితే సగం పని అయినట్టే.

బాగా నడుస్తూ నడుస్తూ, ఇంట్లో కరెంటు పోయినట్టు ఒక్క క్షణంలో ఆగిందంటే అనుమానం స్పార్కు మీదికి పోవాలి. మెల్లగా బలం తగ్గి, తడబడి, మళ్ళీ ఒకసారి పుంజుకుని ఆగిందంటే పెట్రోలు అందలేదని. బలం తగ్గడంతో పాటు కాలిన వాసన, ఆవిరి, ఇంజను ఏదో బరువు మోస్తున్నట్టు మూలుగు ఉంటే వేడి. 'ధబ్' మని కొట్టినట్టు ఆగితే నీళ్ళలో తిరిగి పడవని తోసే ఫ్యానుకి వలో తాడో చుట్టుకుని ఉండాలి, లేదా లోపల పిస్టను పట్టేసి ఉండాలి. న్యూట్రల్‌లో చక్కగా నడిచి గేరు వేయగానే చచ్చిపోతే ముందు ఫ్యాను చూడండి, ఆ తర్వాతే పెట్రోలునీ గాలినీ కలిపే కార్బరేటరు జోలికి వెళ్ళండి.

ఈ గుర్తులు కొన్నిసార్లు తప్పుదారి పట్టిస్తాయి. పెట్రోలులో నీళ్ళు ఎక్కువగా వచ్చినా మోటారు టక్కున ఆగిపోవచ్చు. అయినా దేనితో మొదలుపెట్టాలో తెలియడానికి ఇంతకన్నా మంచి దారి నాకు కనబడలేదు.

తాడు ముట్టుకునే ముందు చూడాల్సినవి కొన్ని ఉన్నాయి, వీటికి పనిముట్లేమీ అక్కర్లేదు. చేతికి కట్టుకునే ఎర్రతాడు క్లిప్పు స్విచ్చు కింద సరిగ్గా కూర్చుని ఉందా? వల లాగేటప్పుడు మోకాలు తగిలినా అది ఊడుతుంది, ఊడితే స్పార్కు రాదు. గేరు న్యూట్రల్‌లో ఉందా? చాలా మోటార్లు గేరులో ఉంటే తాడునే లాగనివ్వవు. ట్యాంకు గాలి స్క్రూ తెరిచి ఉందా? పెట్రోలు పైపు కనెక్టరు రెండు చివరలా 'టక్' మని పడిందా, ఎవరైనా పైపు మీద కాలో ఐసు పెట్టో పెట్టారా? ఇంజను పైకి ఎత్తి ఫ్యాను చూశారా? ఈ ఐదూ చూడటానికి ఒక నిమిషం పడుతుంది. పడవ కొట్టుకుపోతుంటే మాత్రం అన్నిటికన్నా ముందు లంగరు, లోతు ఎక్కువైతే తెడ్లు. ఒడ్డుకి దూరంగా ఉండి ఏదీ పని చేయకపోతే ఫోను సిగ్నలు ఉండగానే కోస్ట్ గార్డ్ 1554కి గానీ, తమిళనాడు తీర భద్రత 1093కి గానీ చేయండి. చీకటి పడేదాకా ఆగొద్దు.

రబ్బరు బల్బు చెప్పే మాట

పెట్రోలు పైపు మధ్యలో ఉండే రబ్బరు బల్బు పెట్రోలు ఎక్కించడానికే కాదు, మంచి పరీక్షా సాధనం కూడా. దాని మీద బాణం గుర్తు మోటారు వైపు చూస్తుండాలి. నొక్కేటప్పుడు మోటారు వైపు కొస పైకి ఉండేలా నిలువుగా పట్టుకోవాలి.

నాలుగైదు నొక్కులకే రాయిలా గట్టిపడిందా? అయితే పెట్రోలు కార్బరేటరు దాకా వచ్చింది. ట్యాంకునీ పైపునీ ఇక అనుమానించనక్కర్లేదు. ఎంత నొక్కినా మెత్తగానే ఉందా? ఎక్కడో గాలి పీలుస్తోంది. ఎక్కువసార్లు కనెక్టరులో ఉండే ఓ-రింగు అరిగి ఉంటుంది, లేదా బల్బులోపలి వాల్వు పోయి ఉంటుంది. కార్బరేటరులోంచి పెట్రోలు పొంగిపోతుంటే లోపల పెట్రోలు రాకని ఆపే సూది మూసుకోవడం లేదని అర్థం. నొక్కి వదిలాక బల్బు చప్పిడిదవడలా లోపలికి పోయి అలాగే ఉండిపోతే అడ్డు ట్యాంకు వైపే ఉంది: మూసిన గాలి స్క్రూ, చెత్త పట్టిన ట్యాంకు జాలి, మడత పడిన పైపు.

ఇంకో పరీక్ష మోటారు నడుస్తుండగా చేయాలి. ఆగిపోబోతున్నట్టు తడబడగానే ఎవరైనా ఒకరు బల్బు నొక్కుతూ ఉండండి. నొక్కినంతసేపూ మోటారు నడిచి, మానగానే చచ్చిపోతే పెట్రోలు పంపు బలహీనపడిందని దాదాపు ఖాయం. ఆ పంపులో ఉండేది సన్నటి పొర. టూ స్ట్రోకులో పిస్టను కింద ఉండే క్రాంక్‌కేసులో పెరిగీ తరిగీ వచ్చే ఒత్తిడికి ఆ పొర ఊగుతూ పెట్రోలు లాగుతుంది. పొర చిరిగితే పంపు ఆగుతుంది. ఈ గుర్తు తెలియడం వల్ల ఇంకో మేలు ఉంది. సాయంత్రం గాలి లేచిన వేళ, ఒకరు బల్బు నొక్కుతూ ఒకరు మోటారు పట్టుకుని నాలుగు కిలోమీటర్లు ఒడ్డుకొచ్చిన వాళ్ళని నేనెరుగుదును.

పాత పైపుల్లో కంటికి కనబడని జబ్బు ఒకటుంది. లోపలి పొర ఊడి నాలుకలా వేలాడుతుంది. నెమ్మదిగా నడిపితే ఏమీ కాదు. వేగం పెంచగానే పెట్రోలు ఊపుకి ఆ నాలుక దారి మూసేస్తుంది, మోటారు ఆగుతుంది. ఆగాక నాలుక వదులవుతుంది, బల్బు నొక్కితే అంతా బాగున్నట్టే ఉంటుంది. ఇలా ఆగడం, అందుకోవడం, మళ్ళీ ఆగడం నడుస్తుంటే కార్బరేటరు పదిసార్లు విప్పేకన్నా పైపు ఒకసారి మార్చి చూడటం చవక.

పెట్రోలే మారిపోయింది

ఇక్కడ కాసేపు ఆగాలి, ఎందుకంటే మన పడవల మోటార్లకి గత కొన్నేళ్ళలో వచ్చిన అతి పెద్ద మార్పు ఇదే. 2022 జూన్ నాటికి దేశంలో పెట్రోలులో కలిపే ఇథనాల్ అనే ఆల్కహాలు 10 శాతానికి చేరింది. 2023 ఫిబ్రవరి 6న బెంగళూరులో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు అమ్మకం మొదలైంది, 2025కల్లా అది దేశమంతటా మామూలు పెట్రోలు అయిపోయింది. చిన్న ఔట్‌బోర్డుల మాన్యువళ్ళు చాలావాటిలో ఇథనాల్ 10 శాతం దాటకూడదనే ఉంటుంది. మన చేతుల్లో ఉన్న మోటార్లలో పాతవే ఎక్కువ, అవి ఇథనాల్ ఊసే లేని రోజుల్లో తయారైనవి.

ఇథనాల్‌కి నీళ్ళంటే ప్రాణం. గాలిలో తేమని కూడా లాక్కుంటుంది. చెన్నై తీరంలో తేమకి కరువు లేదు. సగం ఖాళీ ట్యాంకుని గాలి స్క్రూ తెరిచి వారంపాటు పడవలో వదిలేస్తే పగటి వేడికి గాలి బయటికి పోతుంది, రాత్రి చల్లబడ్డాక తేమ గాలి లోపలికి వస్తుంది. కొంతవరకు ఇథనాల్ ఆ నీటిని తనలో దాచుకుంటుంది, మనకి తేడా తెలియదు. హద్దు దాటగానే నీళ్ళూ ఇథనాలూ కలిసి విడిపోయి ట్యాంకు అడుగుకి దిగిపోతాయి. పెట్రోలు పీల్చే గొట్టం ఉండేది కూడా అడుగునే. మొదటి లాగుడులోనే మోటారుకి అందేది ఆ అడుగు నీళ్ళే.

టూ స్ట్రోకుకి ఇందులో ఇంకో గండం ఉంది. మనం పెట్రోలులో కలిపే ఆయిలు పై పొర పెట్రోలుతోనే ఉండిపోతుంది, అడుగు పొరలోకి దిగదు. కాబట్టి ఆ నీళ్ళ పెట్రోలుతో మోటారు ఎలాగో నడిచినా లోపల జిడ్డు లేకుండా నడుస్తుంది. పిస్టను గీతలు పడి పట్టేసిన మోటారు తెచ్చి "ఆయిలు సరిగ్గానే కలిపాను" అని వాదించేవాళ్ళు అబద్ధం చెబుతున్నారని అనుకోనక్కర్లేదు. లీటరుకి 20 మిల్లీలీటర్లు, అంటే 50కి 1, లెక్క ప్రకారమే కలిపి ఉంటారు. ఆయిలు ట్యాంకులో ఉంది, ఇంజనుకి చేరలేదు.

అనుమానం తీర్చుకోవడం తేలిక. ట్యాంకు అడుగు నుంచి పైపుతో కాస్త పెట్రోలు లాగి, తెల్లటి గాజు సీసాలో పోసి పది నిమిషాలు కదపకుండా ఉంచండి. నూనె మీద నీళ్ళు పోసినట్టు గీత కనబడితే ఆ పెట్రోలు ఇక మోటారుకి పనికిరాదు. పైన ఉన్నది బాగుంది కదా అని వంచుకుని వాడకండి. ఇథనాల్ విడిపోయాక మిగిలిన పెట్రోలు గుణం కూడా తగ్గిపోయి ఉంటుంది. కొత్త పెట్రోలు పోసేముందు కార్బరేటరు అడుగున ఉండే స్క్రూ విప్పి అందులో నిలిచిన నీళ్ళని కూడా వదిలేయాలి. చాలామంది ట్యాంకు మార్చి ఈ స్క్రూని మరిచిపోతారు. పెట్రోలు మారినా మోటారు అందుకోలేదంటారు. ఆగడానికి కారణం ట్యాంకులో, అందుకోకపోవడానికి కారణం కార్బరేటరు గిన్నెలో.

ఈశాన్య ఋతుపవనం రోజుల్లో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, తుపాను హెచ్చరికలతో పడవలు వరసగా రోజుల తరబడి ఒడ్డునే ఉంటాయి. ఆ రోజుల్లోనే ఈ జబ్బు పుడుతుంది, జనవరిలో బయటపడుతుంది. రెండు వారాలకి సరిపడేంతే కొనడం, ట్యాంకు నిండుగా ఉంచడం, మోటారుకీ ట్యాంకుకీ మధ్య నీళ్ళు వేరుచేసే ఫిల్టరు పెట్టుకోవడం, పడవ ఒడ్డుకి చేర్చాక గిన్నెలో పెట్రోలు వదిలేయడం, ఈ నాలుగూ నేను పట్టుబట్టి చెప్పేవి. ఫిల్టరు ఖర్చు ఎందుకని అడిగేవాళ్ళకి ఒక వేట పోతే ఎంత నష్టమో వాళ్ళకే బాగా తెలుసు.

కార్బరేటరులో ఇంకేముంది? చిల్లులు. పెట్రోలు ఆవిరైపోయి మిగిల్చిన జిగురు పెట్రోలు పోయే సన్నటి చిల్లుల్ని, అంటే జెట్టుల్ని, మూసేస్తుంది. చోక్ లాగి ఉంచితేనే నడిచి, తోసేయగానే ఆగిపోతుంటే చిన్న జెట్టు మూసుకుందని గుర్తు. శుభ్రం చేయడానికి సేఫ్టీ పిన్నులూ ఇనుప తీగలూ వాడకండి. ఇత్తడి జెట్టు చిల్లు వెంట్రుకవాసి పెద్దదైనా మోటారు లెక్క తప్పుతుంది. మన దగ్గర వలలకి వాడే నైలాన్ దారం, తంగూసు, ఉండనే ఉంటుంది, సన్నది ఒక ముక్క చాలు, కార్బరేటరు క్లీనరు కొట్టి దాంతో తోయండి.

వేడెక్కితే మాయమయ్యే స్పార్కు

స్పార్కు జబ్బుల్లో మనిషిని అన్నిటికన్నా ఎక్కువ ఏడిపించేది ఇది. పొద్దున ఒక్క లాగుడుకే అందుకుంటుంది. ముప్పావు గంట నడుస్తుంది. టక్కున ఆగుతుంది. ఎంత లాగినా రాదు. అరగంట పోయాక ఏమీ చేయకుండానే మళ్ళీ అందుకుంటుంది. షెడ్డుకి తెస్తే అక్కడ చల్లగా ఉంటుంది కాబట్టి బుద్ధిగా నడుస్తుంది. మేస్త్రి 'ఏమీ లేదు' అని పంపేస్తాడు. మర్నాడు సముద్రంలో మళ్ళీ అదే కథ.

చిన్న మోటార్లు చాలావాటికి స్పార్కు కోసం బ్యాటరీ అక్కర్లేదు. పైన తిరిగే ఫ్లైవీలులో అయస్కాంతాలుంటాయి, వాటి కింద రాగితీగ చుట్టలుంటాయి. తిరిగినప్పుడు పుట్టిన కరెంటు సీడీఐ పెట్టెలో నిలవై, సరైన క్షణానికి కాయిల్‌లోకి దూకి ప్లగ్గు దగ్గర నిప్పురవ్వ అవుతుంది. ఆ తీగల్లో ఎక్కడో వెంట్రుకంత పగులు ఉంటే, వేడికి సాగి విడిపోతుంది, చల్లబడితే మళ్ళీ కలుస్తుంది. అందుకే పరీక్ష చేయాల్సింది మోటారు ఆగిన ఆ నిమిషంలోనే, ఇంకా కాలుతుండగానే. చల్లారాక చేసే పరీక్ష దొంగ వెళ్ళిపోయాక తలుపు వేయడం లాంటిది.

పరీక్షకి చవకలో దొరికే స్పార్కు టెస్టరు ఒకటి పెట్టెలో ఉంచుకోండి. అది లేకపోతే ప్లగ్గు విప్పి, దాని ఇనుప ఒళ్ళు ఇంజను లోహానికి గట్టిగా ఆనేలా పెట్టి తాడు లాగాలి. అయితే ప్లగ్గు చిల్లుకి దూరంగా పెట్టాలి, పెట్రోలు ఒలికి ఉంటే ముందు తుడిచి ఆవిరి పోనివ్వాలి. మావయ్య మోటారులా పెట్రోలు ఓడుతున్న ఇంజను దగ్గర నిప్పురవ్వతో ఆడకూడదు. వైరుని ఊరికే గాలిలో వదిలి తాడు లాగడం కూడా మానండి, వెళ్ళడానికి దారి లేని కరెంటు సీడీఐని చంపేస్తుంది.

వేడిగా ఉన్నప్పుడు స్పార్కు లేదు, చల్లబడ్డాక ఉంది అని తేలితే, మల్టీమీటరుతో కాయిళ్ళ రెసిస్టెన్సు రెండు పూటలా కొలిచి మాన్యువల్‌లో అంకెతో పోల్చితే దోషి బయటపడతాడు. సీడీఐ ఒక్కటీ మీటరుకి లొంగదు. మంచిదని తెలిసిన ఇంకోటి తగిలించి చూడటమే మార్గం.

అంతదూరం పోయే ముందు స్టాపు స్విచ్చుని చూడండి. ఈ మోటార్లలో స్విచ్చు చేసే పని స్పార్కు కరెంటుని ప్లగ్గుకి పోకుండా ఇంజను లోహానికి (ఎర్తుకి) మళ్ళించడం. ఉప్పు నీళ్ళు లోపలికి పోయి పచ్చటి చిలుము పడితే స్విచ్చు తనంతట తానే మోటారుని ఆపేస్తుంటుంది. స్విచ్చు నుంచి వచ్చే వైరుని కాసేపు విడదీసి చూస్తే తేలిపోతుంది. విడదీశాక మోటారు అందుకుంటే దాన్ని స్విచ్చుతో ఆపలేమని గుర్తుంచుకోవాలి. చోక్ పూర్తిగా లాగితే ఊపిరాడక ఆగుతుంది. ఎర్రతాడు కూడా పని చేయదు కాబట్టి అలాగే వేటకి పోకూడదు. మనిషి నీళ్ళలో పడితే మోటారు ఆగదు.

సన్నటి నీటి ధార

ఇంజను పక్క నుంచి సన్నగా చిమ్మే ధార నడుస్తున్నంతసేపూ కనబడుతూ ఉండాలి. కింద గేరు పెట్టె పైన రబ్బరు రెక్కల ఇంపెల్లరు ఒకటి తిరుగుతూ నీళ్ళని పైకి పంపి ఇంజనుని చల్లబరుస్తుంది. మొగల్లో ఇసుక ఆ రెక్కల్ని అరగదీస్తుంది. అడయారు, కూవం మొగల దగ్గరా ఎన్నూరు కాలువలోనూ తేలే ప్లాస్టిక్ కవర్లు నీళ్ళు పీల్చే జాలికి అతుక్కుపోతాయి. 2015 డిసెంబరు వరదల్లోనూ, 2023 డిసెంబరు మిచౌంగ్ తుపానప్పుడూ మన జాలరులు పడవలు వీధుల్లోకి తెచ్చి మనుషుల్ని కాపాడారు. సముద్రానికి చేసిన మోటారుకి వేళచ్చేరి వీధి నీళ్ళు పెద్ద పరీక్ష. బురద, కవర్లు, చీరలు, వైర్లు అన్నీ దానికి చుట్టుకునేవే. ప్రతి మలుపు దగ్గరా ధార వంక చూడటం తప్ప అక్కడ వేరే రక్షణ లేదు.

ధార ఆగితే వెంటనే మోటారు ఆపి, ముందు ధార వచ్చే చిల్లులోనే తంగూసు దూర్చి చూడండి, ఉప్పు పేరుకుని ఉండవచ్చు. తర్వాత జాలి. రెండూ బాగుంటే ఇంపెల్లరు. వేడికి ఆగిన ఇంజను మీద చన్నీళ్ళు గుమ్మరించకండి, లోహం వంకరపోతుంది. మూత తీసి ఆరనివ్వండి. అరగంట తర్వాత ప్లగ్గులు విప్పి ఫ్లైవీలు చేత్తో తిప్పితే తేలిగ్గా తిరగాలి. తిరక్కపోతే బలవంతం వద్దు, ప్లగ్గు చిల్లుల్లో కాస్త ఆయిలు పోసి నానబెట్టి షెడ్డుకి తీసుకెళ్ళాలి. ఫోర్ స్ట్రోక్ అయితే ఆయిలు మట్టం, హెచ్చరిక దీపం కూడా చూడాలి. ఆయిలు తగ్గితే వేగాన్ని కట్టడి చేసే ఏర్పాటు వాటిలో ఉంటుంది.

ఒడ్డున పరీక్ష చేసేటప్పుడు నీళ్ళ డ్రమ్ము లేకుండా ఒక్క నిమిషం కూడా నడపవద్దు, పొడిగా తిరిగితే ఇంపెల్లరు మాడిపోతుంది. వేట నుంచి వచ్చాక మంచినీళ్ళ డ్రమ్ములో పది నిమిషాలు నడిపితే లోపలి ఉప్పు కరుగుతుంది. 2019 వేసవిలో లారీల వెనక బిందెలతో పరిగెత్తిన ఊరు మనది, మోటారుకి మంచినీళ్ళా అని అడిగినవాళ్ళని తప్పుపట్టలేను. బోరు నీళ్ళు ఉప్పగా లేకపోతే అవే చాలు, వాన పడినప్పుడు డ్రమ్ము నింపుకున్నా చాలు.

మళ్ళీ అందుకోవడం

ఇప్పుడు మొగ దగ్గర లంగరు మీద ఉన్న మా పడవకి వద్దాం. రెండు ప్లగ్గులూ విప్పి గుడ్డతో తుడిచి పక్కన పెట్టాం. వైర్లు విడిచిపెట్టకుండా, ఎర్రతాడు క్లిప్పు తీసేసి స్పార్కు రాకుండా చేశాం. చోక్ పూర్తిగా లోపలికి. యాక్సిలరేటరు పూర్తిగా తెరిచి ఆరేడుసార్లు తాడు లాగితే సిలిండర్లలో ఉన్న పెట్రోలు మంచులా బయటికొచ్చింది. మూత తీసి ఐదు నిమిషాలు ఆగాం, గాలికి ఆవిరి పోయింది. ప్లగ్గులు బిగించి, క్లిప్పు పెట్టి, చోక్ ముట్టుకోకుండా, యాక్సిలరేటరు సగానికి తెరిచి లాగితే మొదటిసారి దగ్గింది, నాలుగోసారి అందుకుంది. నీలం పొగ కాసేపు వచ్చి ఆగింది.

ఎండాకాలంలో దీనికి సరిగ్గా తిరగబడే సంగతి ఒకటుంది. మధ్యాహ్నం బాగా నడిచిన మోటారుని ఆపి పావుగంట తర్వాత లాగితే రాదు. నీళ్ళు తిరగడం ఆగింది కాబట్టి మూత కింద వేడి పెరిగి పైపులో పెట్రోలు మరిగి ఆవిరవుతుంది, పంపు ఆ ఆవిరిని లాగలేదు. ప్లగ్గు విప్పితే పొడిగా ఉంటుంది. అప్పుడు చేయాల్సింది మూత తీసి చల్లారనివ్వడం, బల్బు గట్టిపడేదాకా నొక్కడం. వేడి ఇంజను రానప్పుడు ప్లగ్గు తడిగా ఉందా, పొడిగా ఉందా అన్న ఒక్క ప్రశ్నతో ఎటు పోవాలో తెలుస్తుంది. తడిగా ఉంటే పెట్రోలు తగ్గించాలి, పొడిగా ఉంటే అందించాలి. చూడకుండా చోక్ లాగడమంటే నాణెం ఎగరేయడమే.

పెట్రోలు ఉంది, స్పార్కు ఉంది, ప్లగ్గు కొత్తది, అయినా ఉలకదు. అప్పుడు కంప్రెషను, అంటే సిలిండరులో పిస్టను గాలిని నొక్కే ఒత్తిడి, చూడాలి. తాడు మామూలుకన్నా తేలిగ్గా వచ్చేస్తుంటే అనుమానించాలి. గేజి పెట్టి కొలిస్తే రెండు సిలిండర్ల మధ్య తేడా 10–15 శాతం మించకూడదు. మించితే రింగులో హెడ్ గాస్కెట్టో పోయినట్టు, అది పడవలో అయ్యే పని కాదు.

మోటారు నీళ్ళలో పడితే సంగతి వేరు. ఆగి ఉన్నప్పుడు పడితే పైకి తీసి మంచినీళ్ళతో కడిగి, ప్లగ్గులు విప్పి చిల్లులు కిందికి వచ్చేలా వంచి నీళ్ళు తీసేసి, ఆయిలు పోసి, అదే రోజు నడిపించాలి. ఆ రోజే వీలుకాకపోతే బయట ఆరబెట్టకుండా మంచినీళ్ళ డ్రమ్ములోనే ముంచి ఉంచండి, గాలి తగిలితేనే తుప్పు పడుతుంది. నడుస్తూ పడితే మాత్రం తాడు లాగనే వద్దు. నీళ్ళు గాలిలా నొక్కుకుపోవు, లోపల కనెక్టింగ్ రాడ్డు వంగి ఉండవచ్చు.

షెడ్డుకి తీసుకెళ్ళేటప్పుడు నాలుగు ముక్కలు కాగితం మీద రాసి ఇవ్వమని మావయ్యకి చెప్పాను, ఇప్పుడు ఆయన పక్క పడవవాళ్ళకీ చెబుతున్నాడు: ఎంతసేపు నడిచాక ఆగింది, టక్కునా మెల్లగానా, బల్బు గట్టిగా ఉందా మెత్తగా ఉందా, ప్లగ్గు తడా పొడా. ట్యాంకు గాలి స్క్రూకి ఆయన ఎర్ర తంగూసు ముక్క ఒకటి కట్టాడు. స్క్రూ బిగించినప్పుడు దాని కొసని మోటారు తాడు పిడికి ముడివేస్తాడు, పొద్దున ఆ ముడి విప్పనిదే తాడు లాగడం కుదరదు.